చప్పుడు చేయని ఎర్త్ రాడ్

రిటైరవడానికి రెండేళ్లుందనగా, ఒక మార్చి నెల మొదటి వారంలో, నన్ను గంగారం అడవి మీదుగా పోయే పెద్ద టవర్ లైన్ మరమ్మతుకు వేశారు. అప్పటికి నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. లైన్‌మన్‌కు పైన, ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీర్‌కు కింద. పని చెప్పేది ఏఈ, చేయించేది నేను, పైకెక్కేది లైన్‌మన్. ఏదైనా తప్పు జరిగితే మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. ముందు లైన్‌మన్‌ను అడుగుతారు, తర్వాత నన్ను. ఏఈ దాకా వచ్చేసరికి ఫైలు మూతపడుతుంది.

నేను హెల్పర్‌గా చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. నలభై ఏళ్లు వచ్చేదాకా కాగితాల మీద వేలిముద్రే వేశాను. చదవడం రాకపోతే ప్రమోషన్ రాదన్నారు గనుక నేర్చుకున్నాను, జ్ఞానం మీద ప్రేమతో కాదు. నేర్చుకున్నాక పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం కొనుక్కుని, విద్యుత్తు పాఠాలు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. చదివితే ఆశ్చర్యం వేసింది. మేము ఇన్నేళ్లు దెబ్బలు తిని తెలుసుకున్నదంతా అందులో ఉంది. ఆ పుస్తకాన్ని నాకంటే ఇరవై ఏళ్లు ముందుగా చదివిన మా ఆఫీసర్లకు అది ఎందుకు తెలియదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ లైన్ సంగతి చెప్పాలి. ఒకే టవర్‌కు రెండు వైపులా రెండు లైన్లు పోతాయి. ఒక్కోదానిలో రెండు లక్షల ఇరవై వేల వోల్టులు. ఎడమ లైన్‌లో, తీగ టవర్ ఇనుముకు అంటకుండా వేలాడదీసే పింగాణీ చిప్పలు పగిలాయి, వాటిని మార్చాలి. అందుకని దాన్ని ఆపి, కుడి లైన్‌ను నడుపుతున్నారు. ఆపినట్టు సబ్‌స్టేషన్ వాళ్లు రాసిచ్చే అనుమతిని లైన్ క్లియర్ అంటారు, మా మాటల్లో ఎల్సీ. ఎల్సీ చేతికొచ్చాక కూడా నేరుగా తీగ ముట్టరు. పొడుగాటి కర్రకు ఇత్తడి కొక్కెం, కొక్కేనికి రాగి తీగ, ఆ తీగ రెండో కొసకు క్లాంప్ ఉంటాయి. దాన్ని ఎర్త్ రాడ్ అంటాం. ముందు క్లాంప్‌ను టవర్ ఇనుముకు బిగించాలి, తర్వాత కొక్కేన్ని లైన్‌కు తగిలించాలి. లైన్‌లో ఏమున్నా టవర్ గుండా భూమిలోకి దిగిపోతుంది.

ఆపిన లైన్‌లో ఏముంటుందని అడుగుతారు. మా ఏఈ కూడా అదే అడిగాడు. కుర్రవాడు, పెద్ద కాలేజీలో చదివాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. పొద్దున్నే టవర్ కింద మమ్మల్ని నిలబెట్టి పాఠం చెప్పాడు. కరెంటంటే ఎలక్ట్రాన్ల ప్రవాహమని, స్విచ్ తీస్తే ప్రవాహం ఆగుతుందని, ఆగిన లైన్‌కు భయపడటం మూఢనమ్మకమని. సబ్‌స్టేషన్లలో రెండు చివరలా ఎర్త్ వేశారు గదా అని కూడా అన్నాడు.

వేసిన మాట నిజమే. కానీ ముందురోజు మేము రెండు టవర్ల దగ్గర జంపర్లు విప్పాం. జంపరంటే టవర్‌కు ఈ పక్క తీగను ఆ పక్క తీగతో కలిపే వంపు తీగ. అది విప్పితే మధ్యలో ఆరు కిలోమీటర్ల ముక్క ఏ చివరా అంటకుండా గాలిలో వేలాడుతుంది. సబ్‌స్టేషన్ ఎర్త్ దానికి అందదు. పక్కనే కుడి లైన్ నడుస్తోంది. అది దీన్ని తాకనక్కర్లేదు. దాని చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం గాలిలోంచే వచ్చి ఈ తీగలోని ఎలక్ట్రాన్లను సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ నెడుతుంది. ఆపిన లైన్ మీద వేల వోల్టులు కూర్చుంటాయి. ఈ సంగతి మీద పరీక్షలో ప్రశ్న వచ్చి ఉంటే మా ఏఈ పదికి పది మార్కులు తెచ్చుకునేవాడు. టవర్ కింద నిలబడితే మాత్రం మర్చిపోయాడు.

ఇంకో సంగతి. మర్నాడు పెద్ద ఆఫీసర్ తనిఖీకి వస్తున్నాడు. అడవిలో ఉన్న టవర్లను ఆయన ఎలాగూ చూడడు. అందుకని రోడ్డు పక్కనున్న ఆ ఒక్క టవర్‌కు కింది నుంచి కొస దాకా వెండి రంగు కొట్టించారు. తుప్పు మీదే కొట్టారు. చిప్పలు మార్చడానికి ఆర్నెల్లుగా దొరకని మనుషులు రంగుకు రెండు రోజుల్లో దొరికారు. ఏఈ పాఠమంతా అయ్యాక చివరిమాటగా, రంగు మీద గీత పడితే ఊరుకోనని చెప్పాడు.

పైకెక్కింది యాకయ్య. గార్ల ఊరి దగ్గరి మనిషి, నా దగ్గర పదేళ్లుగా లైన్‌మన్. పనిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఆ రోజు అదే మా మీదికి వచ్చింది. తీగలు వేలాడే అడ్డ ఇనుమును మేం చేయి అంటాం, దాని మీదికెక్కి బెల్టు బిగించుకున్నాడు, క్లాంప్ బిగించాడు, రాడ్ చాపి కొక్కెం లైన్‌కు ఆనించాడు.

ఏ చప్పుడూ రాలేదు.

"చూశావా సాయిలూ, ఏమీ లేదు. డెడ్ లైన్" అన్నాడు ఏఈ నాతో నవ్వుతూ. కిందున్న మనుషులూ నవ్వారు.

పక్క లైన్ నడుస్తుండగా వేలాడే లైన్‌కు ఎర్త్ రాడ్ ఆనిస్తే చిటచిటమని నిప్పు రాలాలి. ముప్పై ఏళ్లలో రాలకపోవడం నేను చూడలేదు. చప్పుడు రాలేదంటే లైన్‌లో ఏమీ లేదని కాదు, ఉన్నది భూమిలోకి పోవడం లేదని. యాకయ్య అప్పటికే రాడ్‌ను కొక్కెం మీద వేలాడనిచ్చి లైన్ వైపు జరుగుతున్నాడు.

"యాకయ్యా! ఆగు! చెయ్యి పెట్టకు!" అని అరిచాను.

"ఏందే అన్నా?"

"నిప్పు రాలిందా?"

"లేదే. సప్పుడే రాలె. మంచిదే గద?"

"ఏం మంచిది, నీ మొకం! క్లాంప్ ఏడ పెట్టినవ్?"

"గీడ్నే, చెయ్యి మీద."

"ఇనుముకు ఆనిందా?"

యాకయ్య వంగి క్లాంప్ వైపు చూశాడు. తర్వాత పై నుంచి చిన్నగా వినిపించింది. "సారు రంగు గీసుకపోవద్దన్నడు గదనే. సైకిల్ ట్యూబు ముక్క సుట్టి బిగించిన. ఇనుముకు రెండు దిక్కులా."

కిందున్న వాళ్లెవరూ మళ్లీ నవ్వలేదు. ఏఈ మాత్రం గడియారం చూసుకున్నాడు. నాలుగు గంటలకు ఎల్సీ వాపసు చేయాలని, చప్పుడు రాలేదంటే సప్లై లేనట్టేనని, పని ఆపితే నాకు మెమో ఇస్తానని అన్నాడు. ఇచ్చుకోమని చెప్పి పైకి అరిచాను.

"రాడ్ కర్ర పట్టుకొని ముందుగాల కొక్కెం తియ్యి. తీగ ముట్టకు. ట్యూబు పీకి పారెయ్యి. ఇనుము కోసే యాక్సా బ్లేడుతోని ఇనుము తెల్లగ అయ్యేదాక గియ్యి. గప్పుడు బిగించు."

"రంగు పోతదే."

"నువ్వు పోతవురా! గియ్యి!"

గీశాడు. వెండి పొట్టు మా తలల మీద రాలింది. క్లాంప్ బిగించి మళ్లీ రాడ్ చాపాడు. కొక్కెం జానెడు దూరంలో ఉండగానే బుస మొదలైంది. ఆనీ ఆనకముందే నీలం రంగు నిప్పు చటచటా దూకింది. కొక్కెం గట్టిగా పడ్డాక సద్దుమణిగింది. ఏఈ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన నేల మీద, నీడలో ఉన్నాడు. అయినా వేశాడు.

"అమ్మో అన్నా, గిది సచ్చిన పామన్నరు గదనే సారు!" అన్నాడు యాకయ్య పై నుంచి. వెటకారం మాత్రం పోలేదు. "ఇంకోటి ఉన్నదా, ఆ దిక్కు సుత సూడాల్నా?"

ఇంకోటి ఉంది. పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ వేయాలి. రెండో రాడ్‌నూ గీకి బిగించాడు. చిప్పలు మార్చాం. ఎల్సీ నాలుగున్నరకు వాపసు చేశాం. అరగంట ఆలస్యమైనందుకు ఊళ్లేమీ మునగలేదు.

నాకు నవ్వొచ్చేది ఒకటుంది. ఆ రోజు యాకయ్య నడుముకు మంచి బెల్టు ఉంది. బెల్టు లేకుండా ఎక్కితే ఏఈ కూడా ఊరుకునేవాడు కాదు. కింద పడితే భూమి లాగుతుందని అందరికీ భయం. కానీ భూమి మొత్తం కలిసి లాగే ఆ బలం చాలా చిన్నది. దువ్వెన తలలో రుద్ది కాగితం ముక్క పైన పెడితే, భూమి అంతా పట్టుకున్న ఆ కాగితాన్ని దువ్వెన ఎగరేసుకుపోతుంది. దువ్వెనలో ఉన్నది విద్యుత్ బలం. పరమాణువు మధ్యలోని కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచేదీ అదే, లైన్ మీద కూర్చునేదీ అదే. చిన్న బలానికి బెల్టు కట్టాం. పెద్ద బలానికి రబ్బరు ముక్క చుట్టాం. కంటికి కనబడని దాన్ని లేదనుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు గానీ, చదువుకున్న వాళ్లు ఆ పని ఇంకా ధీమాగా చేస్తారు.

మర్నాడు పెద్ద ఆఫీసర్ వచ్చాడు. కారు దిగలేదు. అద్దం దించి టవర్ చూసి, బాగుందని వెళ్లిపోయాడు. గీతలు ఆయనకు కనబడలేదు. ఏఈకి కనబడ్డాయి. వారం తర్వాత మెమో వచ్చింది. కొత్త రంగు పాడుచేసినందుకు, పని ఆలస్యం చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. అందులో సైకిల్ ట్యూబు ఊసు లేదు. క్లర్కుతో రాయించుకొమ్మన్నారు. నేనే కూర్చుని రాశాను. "రంగు కింద ఇనుము ఉన్నది. ఇనుము కావలసి గీకించినాను. యాకయ్య డ్యూటీలో ఉన్నాడు." సంతకం చేసి పంపాను. జవాబు రాలేదు.

ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి లైన్‌మన్‌కూ ఒక్కటే చెప్పాను. ఎర్త్ రాడ్ ఆనించినప్పుడు నిప్పు రాలితే భయపడకు, అది దాని పని చేస్తోంది. రాలకపోతే చెయ్యి వెనక్కి తీసుకో. క్లాంప్ కింద ఏముందో చూడు. అక్కడ ఏదైనా ఉంటే, అది ఏ ఆఫీసర్ పెట్టమన్నా సరే, ముందు దాన్ని పీకు.