అతుకు లేని కేబులు

కార్తీకం మొదటి మంగళవారం, పొద్దున పదింబావుకి, నా తోడికోడలి మేడ మెట్లెక్కాను. ఆ ఇంటి గడప తొక్కి ఏళ్ళయింది. పిలిస్తే ఎక్కలేదు, వద్దంటుంటే ఎక్కాను. నా చేతిలో ఇనప గొట్టం. వెనకాల సెట్లు బాగుచేసే సాయిబు, అతని భుజాన కొత్త కేబులు చుట్ట. వాకిట్లో నిలబడి ఆవిడ అరుస్తోంది.

“దిగవే! నీ అబ్బ కట్టించాడా ఈ మేడ?”

“మా అబ్బ కట్టిస్తే మెట్లు ఇంత వంకరగా ఉండేవి కావు,” అన్నాను. ఆగలేదు.

ఎందుకెక్కానంటే, గాలివాన రాబోతోంది, వేటకెళ్ళిన బోట్లన్నీ వెనక్కి రావాలని ఆదివారమే రేవులో మైకు పెట్టి చెప్పారు. సోమవారం పొద్దు గూకేసరికి మా రేవు బోట్లన్నీ ఒడ్డుకొచ్చాయి, ఒక్కటి తప్ప. అది మా బావగారి బోటు. అందులో నా కొడుకున్నాడు. ఫోను చేస్తే స్విచాఫ్. బోటు తేలుతోందో మునిగిందో చెప్పగలిగింది నా ఇంట్లో ఉన్న స్కానరు పెట్టె ఒక్కటే. అది చూస్తే బుస కొట్టడం తప్ప మాట పలకడం లేదు.

స్కానరంటే ఏంటో తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. బోట్లలో ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునే సెట్లుంటాయి. నా దగ్గరున్నది మాట్లాడేది కాదు, వినేది. అంకెలు గబగబా మారుతూ వెతుక్కుంటూ పోతుంది, ఎక్కడ మనిషి గొంతు తగిలితే అక్కడ ఆగుతుంది. నా గోల పడలేక కొడుకే తెచ్చి పడేశాడు. అప్పటికి నాకు చదువు లేదు. మిరప కోతలప్పుడు చేల వెంట తిరిగి కూలీలకి ఎండుచేపలు అమ్ముకునేదాన్ని. ఆ పెట్టె మీద అంకెలు పోల్చుకోవాలని, అరవై దాటాక పోయి అంగన్‌వాడీ టీచరమ్మ ముందు కూర్చున్నాను. అంకెల వెనకాలే అక్షరాలూ వచ్చాయి. తప్పులుంటే ఉంటాయి. నచ్చనివాళ్ళు చదవక్కర్లేదు.

ఆ పొద్దున సాయిబు చీరాల నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. వాకిట్లోకి వస్తూనే ఆగిపోయి పైకి చూశాడు. నాది రేకుల ఇల్లు, ఎదురుగా తోడికోడలిది మేడ, మధ్యలో ఇద్దరికీ కలిపి ఒకటే వాకిలి. వాకిలి ఆ చివర పాతిన వెదురుకి యాంటెన్నా కట్టి ఉంది. అక్కడి నుంచి నా కిటికీ దాకా కేబులు. ఆ కేబులు నిండా ఉప్పు పట్టించిన రిబ్బన్ చేపలు, వరసగా, తోకలు కిందికి. ఒక్కో దాని నుంచీ ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

“పెద్దమ్మా, ఏంటిది?” అన్నాడు.

“కేబులు.”

“కేబులా? దండెం అనుకున్నా. చేపలెవరివి?”

“నావే!” అంది నా తోడికోడలు అవతలి అరుగు మీంచి. “తీగ నా వాకిట్లోంచి పోతున్నప్పుడు దాని మీద నా చేపలు ఆరతాయి. ఏం, అద్దె ఇస్తందా ఇది?”

మా దగ్గర తాడు కనపడితే చాలు, చేప ఎక్కాల్సిందే. కరెంటు తీగ ఒక్కటే వదిలేస్తారు, అదీ చస్తామని. శని, ఆదివారాల్లో సముద్రం చూడ్డానికి వచ్చే టౌను పిల్లలు ఆ చేపల కింద నిలబడి ఫోటోలు కూడా దిగారు. అప్పుడు నేనూ ఏమీ అనలేదు. అప్పుడు దాని మీద ఆరినవి నా చేపలే, రెండు వరసలు. ఆవిడ చేపలు వచ్చాకే తగువేసుకున్నాను.

సాయిబు చేపలు పక్కకి జరిపి కేబులు తడిమాడు. ఒక చోట నల్ల టేపు చుట్టి ఉంటే గోరుతో ఊడదీశాడు. లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

“ఇదిగో, ఇక్కడ చచ్చింది మీ కొడుకు గొంతు. ఇలాంటి అతుకులు ఇంకా ఉన్నాయి. ఏ దద్దమ్మ వేశాడమ్మా ఈ అతుకులు?”

“నువ్వే.”

అతను టేపు వంక చూశాడు, నా వంక చూశాడు.

“నేనా?”

“రంజాను నెల. ఇంటికి పోవాలి, టైమైపోతోందని ముక్కలన్నీ మెలేసి, టేపు చుట్టి పారిపోయావు.”

“ఉపవాసంలో ఉన్నోడి చేత పని చేయిస్తే అంతే మరి,” అని గొణిగి అక్కణ్ణించి పెద్ద మేస్త్రీ గొంతు పెట్టాడు. అతుకు లేకుండా ఒకటే కేబులు లాగాలన్నాడు. యాంటెన్నా రేకుల కన్నా కింద ఉంటే ఆ ఇనుమే మాటని మింగేస్తుందన్నాడు. సముద్రం మీది మాట వంగి రాదు, యాంటెన్నా ఎంత ఎత్తున నిటారుగా నిలబడితే అంత దూరం దొరుకుద్ది అన్నాడు. అని, వేలెత్తి తోడికోడలి డాబా చూపించాడు.

వేలు అటు తిరగడమే ఆలస్యం, ఆవిడ అరుగు దిగింది.

“నా డాబా మీదా? పిడుగు పడితే ఎవడిది బాధ్యత? నీదా సాయిబూ?”

“మెరుపులొచ్చినప్పుడు కేబులు పీకి బయట పడేయాలి పెద్దమ్మా. అదేం...”

“నువ్వాగు. అసలు సంగతి నాకు తెలుసు.” నా వైపు తిరిగింది. “మా బోటు ఎక్కడ వల వేసిందో, ఏం పడిందో విని, మా బేరగాళ్ళ చెవిన ఊదుతున్నావు నువ్వు. ఇక్కడ బోటు ఒడ్డుకి రాకముందే వాళ్ళకి సరుకెంతో తెలిసిపోతోంది. ఇప్పుడు ఇంకా దూరం వినపడాలా నీకు?”

నాలుగేళ్ళుగా ఊళ్ళో ఇదే మాట చెప్పుకుంటూ తిరుగుతోంది. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు నేను. కానీ ఆవిడ ముందు ఒట్టు పెట్టుకునేంత ఖర్మ నాకు పట్టలేదు.

“ఊదాననే అనుకో. ఆ బోటులో నీ మొగుడు కూడా ఉన్నాడుగా. ఉన్నాడో పోయాడో నీకక్కర్లేదా?”

“నా మొగుణ్ణి శపిస్తావే, నీ నోరు పడ!”

అక్కడితో మాటలు చాలనుకుని గొట్టం తీసుకుని మెట్లెక్కాను. ఆవిడ కోడలు అడ్డం రాబోయి, నా చేతిలో గొట్టం చూసి తప్పుకుంది.

డాబా మీద గాలి చీర నిలవనివ్వడం లేదు. ఆకాశం తూర్పున నల్లగా ఉంది కానీ వాన ఇంకా దిగలేదు. నేను గొట్టం పట్టుకున్నాను, సాయిబు దాన్ని పిట్టగోడలోంచి పైకి లేచి ఉన్న పిల్లరు ఊచలకి ఇనప తీగతో బిగించాడు. యాంటెన్నాని గొట్టం కొసన నిలబెట్టాడు. కేబులు కొసకి కొత్త పిన్ను బిగించి, పిన్ను మీద రబ్బరు టేపు సాగదీసి సాగదీసి చుట్టాడు. కేబులు కిటికీలోకి దూరే చోట కిందికి ఒక వంపు వదిలాడు, వాన నీళ్ళు లోపలికి రాకుండా ఆ వంపు దగ్గర జారిపోయేలా. చేస్తున్నంత సేపూ, అన్నం వేళ దాటిపోతోందని సణిగాడు. తోడికోడలు కూడా పైకొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, గోడకి ఎక్కడ పెచ్చు లేస్తుందా అని చూస్తోంది.

ముందొకసారి తగిలించి చూద్దామని సాయిబు అంటే, పోయి నా ఇంట్లోంచి పెట్టె తెచ్చాను. తెచ్చాక తెలిసింది, కేబులు డాబా దిగి ఆవిడ ముందుగది కిటికీ దాకానే వచ్చిందని. నా ఇంటిదాకా అందదు.

“ఇంకో ముక్క అతుకు,” అన్నాను.

“మళ్ళీ అతుకా? ఇందాక నన్ను తిట్టింది దేనికి?”

“పొడుగు కేబులు తేవాల్సింది.”

“పొడుగయ్యే కొద్దీ మాట పల్చబడుద్ది పెద్దమ్మా. ముందిక్కడ పెట్టి విను. వింటావా, కేబులు గురించి కొట్టుకుంటావా?”

తోడికోడలు కిటికీకి అడ్డం నిలబడింది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. కళ్ళు వాచి ఉన్నాయి. పక్కకి జరిగింది. జరుగుతూ, “పాదాలు తుడుచుకుని రా, బండలు ఇప్పుడే కడిగాం,” అంది. నేను తుడుచుకోలేదు.

పెట్టె ఆవిడ టీవీ బల్ల మీద పెట్టి కేబులు తగిలించాం. బుస ఆగిపోయింది. ముందు ఎవరో అరవంలో మాట్లాడుతున్నారు, పక్క గదిలో ఉన్నంత బాగా. అంకెలు మళ్ళీ తిరిగాయి. ఆగాయి. పక్క ఊరి బోటు వాడి గొంతు:

“ఏరా, ఎక్కడున్నారు?”

“ఏటి మొగ లోపలికొచ్చి లంగరేశాం. కాలవలో గాలి తగలటంలా. ఇంజను బానే ఉంది. గాలి తగ్గాక బయల్దేరతాం.”

నా కొడుకు. ఆవిడ కుర్చీలోనే కూలబడ్డాను, తప్పలేదు.

“ఇంటికి ఫోను చేశావా? మీ అమ్మ రేవంతా దులిపేస్తందంట.”

“చేస్తే ఊరుకుంటదా? సముద్రం మానెయ్, మార్టూరు పో, గ్రానైటు రాళ్ళకి పాలిష్ పెట్టుకో అని పొద్దు గూకిందాకా వాయించుద్ది. హాయిగా ఉందిక్కడ. ఫోను కట్టేశా.”

వెనక నుంచి ఇంకో గొంతు, మా బావగారిది: “మా దానికీ చెప్పలేదురా. ఆ ఇద్దరికీ ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కోటానికే టైము చాలదు. మనం గుర్తొస్తామా ఏంటి?”

బోటు బోటంతా నవ్వింది. అటు వాడూ నవ్వాడు.

నేను లేచి పెట్టె మీదికి వంగి తిట్టాను. పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నవన్నీ తిట్టాను. తోడికోడలు నా పక్కకొచ్చి మొగుణ్ణి తిట్టింది, నాకన్నా గట్టిగా. అది వినే పెట్టె, మా మాట ఒక్కటి కూడా అటు పోదు. సాయిబు ఆ సంగతి చెప్పబోయి, మా మొహాలు చూసి, పట్టకారు సంచిలో సర్దుకున్నాడు. పెట్టెలో వాళ్ళు ఏం కూర వండుకోవాలా అనుకుంటున్నారు.

తిట్లయ్యాక ఆవిడ నా వైపు తిరిగింది. “నీ కొడుకే నేర్పాడు నా మొగుడికి ఫోను కట్టెయ్యడం.”

“ముసలాడికి ఒకడు నేర్పాలా? నీ నోరు చాలదూ?”

“పెట్టె ఇక్కడే ఉంటది. నా డాబా, నా కరెంటు.”

“పెట్టె నాది.”

“తీసుకుపో. పోయి ఆ బుస విను.”

తీసుకుపోలేదు. ఏం చేసుకోను? నా కొడుకు గురువారం ఒడ్డెక్కాడు. అన్నం పెట్టి, వాడు సెట్లో అన్నవన్నీ ఒక్కటీ వదలకుండా వాడికే అప్పజెప్పాను. ముద్ద నోట్లోనే ఉండిపోయింది. “ఎట్టా తెలిసిందే?” అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత వేటకెళ్ళినప్పుడల్లా వాడూ మా బావగారూ సెట్లో మామా అల్లుళ్ళలా గొంతులు సవరించుకుని, అండీ అండీ అనుకుంటూ మాట్లాడుకుంటున్నారు.

బోటు బయటికెళ్ళిన ప్రతి పొద్దునా ఇప్పటికీ ఆ ముందుగదిలో కూర్చుంటాను. ఆవిడ అటు గోడ పక్కన, నేను ఇటు గోడ పక్కన. మాట్లాడుకోం. మంచినీళ్ళు ఆవిడ ఇవ్వదు, నేను అడగను. గొంతు వినపడగానే లేచి వచ్చేస్తాను.

ఆ మంగళవారం అక్కడ ఉన్నవాళ్ళు: నేను, నా తోడికోడలు, మెట్ల మీద నాకు అడ్డం రాబోయిన ఆవిడ కోడలు, చీరాల నుంచి వచ్చిన సెట్ల సాయిబు. అంతే. ఇంకెవరన్నా మేమూ ఉన్నాం అంటే అబద్ధం, గోడ అవతల నుంచి విన్నారేమో.