అడగకుండా వెతకాలట

సుబేదారిలో మేడ మీద అద్దె గది. పరిశోధన పేరుతో అందులో మూడేళ్లు కూర్చున్నాను. వెబ్ పేజీల్లో జనం ఎలా దారి వెతుక్కుంటారు, ఎక్కడ తప్పిపోతారు అన్నది నా విషయం. దానికి లింకులతో అల్లిన పేజీలు కొన్ని కావాలి. వాటిని ఒక మనిషి మీద పరీక్షించి సోమవారం చూపించకపోతే ఈ ఏడాది కూడా గంగలో కలిసినట్టేనని మా గైడ్ చెప్పేశారు.

సరైన పేజీలు దొరికితేగా! రామప్ప గుడి పేజీలు పెడితే, కూర్చున్నవాళ్లు ఒక్క లింకూ నొక్కకుండానే జవాబులు చెప్పేశారు. చిన్నప్పుడు బడి నుంచి ఆ గుడి చూడటానికి పాలంపేట వెళ్లనివాళ్లెవరు? పత్తి పేజీలు పెడితే, కేసముద్రం నుంచి వచ్చిన పత్తి రైతు ఒకాయన వాటిలో తప్పులు పట్టాడు. చివరికి సముద్రం లేని మా ఊరికి సరిపోయేవి దొరికాయి. ఓడలకు దారి చూపే దీపస్తంభాల గురించిన పేజీలు, అన్ని లింకులూ పనిచేస్తున్నాయి. ఆ సంతోషం ఎవరికైనా చెబుదామని ఫోన్ తీశాను. పేర్లన్నీ పైకీ కిందికీ జరిపి పక్కన పెట్టేశాను.

ఆదివారం పొద్దున కింద ఇంటావిడను బతిమాలి తెచ్చుకున్నాను. బజారులో బట్టల దుకాణం నడిపిన మనిషి. నియమం ఒక్కటే: ఆమె తనంతట తానే వెతకాలి, నేను రికార్డింగ్ పెట్టి వెనక కూర్చుని నోరు మెదపకూడదు.

దీపాన్ని ఏ నూనెతో వెలిగించేవారో కనుక్కోమన్నాను. రెండు లింకులు బాగానే నొక్కింది. తర్వాత దీపస్తంభం కాపలాదారు పేజీలో ఆగింది. అతను నెలల తరబడి ఒక్కడే ఉండేవాడని అందులో రాసి ఉంది. ఆమె నా వైపు తిరిగింది.

"గీయన ఎవరితోని మాట్లాడేటోడు బిడ్డా?"

మా వాళ్లంతే. పక్కన మనిషి ఉండగా బోర్డు చదవరు. బస్టాండులో అంతే, దవాఖానలో అంతే. మూడేళ్లు చదివీ ఈ సంగతి మరిచిన నాకు బుద్ధి లేదు. చేత్తో తెర వైపు చూపించాను.

"మాట్లాడవేంది? నువ్వు సుత నాతోని మాట్లాడక ఎన్ని దినాలైంది, ఎరుకేనా?"

పని మాట తప్ప, ఆమెతోనే కాదు, ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే పరీక్ష చెడిపోతుంది. రేపే సోమవారం, ఇంకో మనిషిని ఎక్కణ్నుంచి పట్టుకొస్తాను?

"దసరా ముందటి నుంచి, పెద్దమ్మా," అన్నాను. వాడక వాడక గొంతు బొంగురుగా వచ్చింది. ఆమె మౌస్ వదిలేసి కుర్చీని నా దగ్గరికి జరుపుకుంది. నేను రికార్డింగ్ ఆపేశాను.