జెనాబో ఎక్కిన గాదె

వ్యవసాయాఫీసు జీపు పదకొండేళ్ళు నేనే తోలాను. నా పక్క సీటు ఎప్పుడూ జెనాబో అక్కది. కోతలయ్యాక యాకో పట్నం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఎవరింట్లో గింజలు ఎన్నాళ్ళకు సరిపోతాయో రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. ఆ కాగితాలను బట్టే బయటిదేశాల వాళ్ళు ఏ ఊరికి విత్తనాలివ్వాలి, ఏ ఊరికి తిండిగింజలివ్వాలి అని తేల్చేవాళ్ళు.

ఆవిడ మోసీ, నేను సామో. మా రెండు తెగలకీ తాతల నాటి నుంచీ మేలమాడుకునే వరస. ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. అందుకే ధైర్యంగా చెబుతున్నాను, మోసీ మగాడంత డాంబికుడు ఇంకెక్కడా ఉండడు. కడుపు మాడుతున్నా త్రేనుస్తూ బయటికొస్తాడు. గాదెలో ఎంతుందంటే, దేవుడి దయవల్ల నాలుగు నెలలకు ఢోకా లేదంటాడు. ఆ గాదెలోకి పెళ్ళాం కూడా తొంగిచూడకూడదు. పొద్దున్నే తనే నిచ్చెనెక్కి ఆ రోజుకి సరిపడా తీసి ఇస్తాడు.

అక్క మగాళ్ళ మాట రాసుకుని, ఆడవాళ్ళ బుట్టల్లోకి చూసేది. ముసలమ్మలు చీమలపుట్టలు తవ్వి, చీమలు దాచుకున్న గడ్డిగింజలు తెచ్చుకుంటున్నారంటే, ఆ ఊళ్ళో రెండు నెలలకు మించి లేదని పక్కన రాసేది. ఆవిడ అంచనా తప్పడం నేనెరగను.

ఒక ఏడాది ఆ సాయం జాబితా వేసేవాళ్ళే ముగ్గురు రాజధాని నుంచి దిగారు. మొదట అక్క అత్తగారి ఊరికే తీసుకెళ్ళాం. ఊరిపెద్ద తనకు మిగిలిన గినీకోళ్ళు రెండూ కోయించాడు. ఇంటికో గిన్నె చొప్పున సజ్జ సంకటి వచ్చింది, గోగాకు పులుసుతో. నేనూ సిగ్గు లేకుండా తిన్నాను. అతిథులు చేతులు కడుక్కుని, ఈ ఊరికి ఇబ్బందేమీ లేదు, జాబితాలోంచి తీసేద్దాం అన్నారు.

అక్క చీమలపుట్టల సంగతి చెప్పబోయింది. ఆ ముగ్గురిలో కళ్ళద్దాలాయన కాగితం తిప్పి చూపించాడు. ఆవిడ సొంత ఇంటి వరుసలో, ఆవిడ చేతిరాతే. నాలుగు నెలలు. పక్కన ఏమీ రాయలేదు. మొగుడు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

అక్క మొహం కందిపోయింది. "మా మగాళ్ళు నాలుగన్నారంటే రెండు. రండి, చూపిస్తాను."

ఊరంతా చూస్తుండగా తన వాకిట్లో గాదెకు నిచ్చెన వేసింది. ఇంతమాత్రానికే ఆడదాన్ని పుట్టింటికి తరిమేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆవిడ భర్త సిబిరి అక్కడే ఉన్నాడు. ఆపుతాడనుకున్నాను, తల దించుకున్నాడు.

అక్క గడ్డికప్పు ఎత్తి లోపలికి వంగింది. ఎంతకీ తల ఎత్తదు. లోపల చీపురు పెట్టి ఊడ్చినట్టుంది.

"ఎన్నాళ్ళయింది?" అంది, కిందికి చూడకుండానే.

"నెలన్నర," అన్నాడు సిబిరి. "నా తోడబుట్టిన అక్క దగ్గర గింజలు తెచ్చి, నువ్వు లేవకముందే అందులో పోసి, మళ్ళీ నీ ఎదురుగా తీసి ఇస్తున్నాను. ఊరూరి ఆకలీ కనిపెట్టేదానివి. నీ ఇంట్లోనే ఉందని ఏ మొహంతో చెప్పను?"

అక్క నిచ్చెన మెట్టు మీదే కూలబడి కాగితం అడిగి తీసుకుంది. నాలుగు కొట్టేసి సున్నా చుట్టింది.

ఊరిపెద్ద లేచి, ఎదురుగా ఉన్న తన ఇంట్లోకి వెళ్ళి, తన నిచ్చెన తనే మోసుకొచ్చి తన గాదెకు ఆనించాడు.

"రా అమ్మా," అన్నాడు, "మాదీ చూసి రాసుకో."