మామ్మ ఇచ్చిన ర్యాంకులు

కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లందరూ సాఫ్ట్‌వేరే అయిపోయిన రోజులవి. సికింద్రాబాద్‌లో ఏ మేడ మీద చూసినా ఓ కంపెనీ బోర్డు, ఆ పేరు చివర ఓ 'టెక్' ఉండేవి. బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర ఉల్లిపాయల గోడౌన్ పైన ఉన్న మా ఆఫీసుకీ అలాంటి పేరే ఉండేది. లోపల మేం చేసేది మాత్రం వ్యాసాలు రాయడం. విదేశాల్లో ఎవరో వెబ్‌సైట్ పెట్టుకుంటారు, దాన్నిండా చదవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఆ ఏదో ఒకటి మేం సరఫరా చేసేవాళ్లం. కుక్కకి ఏ సబ్బు మంచిది, మంచులో కారు జారకుండా ఏ టైరు కొనాలి, ఇలాంటివి. (మంచుని నేను ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. కారూ కుక్కా మా వంశంలోనే లేవు.) ఎమ్మే ఇంగ్లీషు చదివిన దాన్ని, అంతకన్నా నాకేమొచ్చు? మా నాన్న మాత్రం లాలాగూడ రైల్వే క్వార్టర్స్ మొత్తానికీ, ఫోన్ చేసి మరీ విజయనగరం చుట్టాలకీ, మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ అని చెప్పేశాడు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నానన్న ముక్క ఎవరికీ చెప్పలేదు. ఈ ఉద్యోగం ఊడితే బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో పడేస్తానని నాతో మాత్రం విడిగా చెప్పి ఉంచాడు. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ కడుపునొప్పి. అందుకని ఆ ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకుని వేలాడేదాన్ని.

మా బాస్‌కి మేం పెట్టుకున్న పేరు వర్డ్‌కౌంట్ సర్. వ్యాసంలో ఎన్ని మాటలున్నాయన్నది తప్ప ఆయన ఇంకేమీ చూసేవాడు కాదు. ఓ రోజు నన్ను పిలిచి, "ఇగో, కంప్యూటర్ గేములు ఆన్‌లైన్ల అమ్మే సైట్లు మూడున్నయి. పైసలు కట్టి డౌన్‌లోడ్ చేసుకునుడు. మూడింట్ల ఏది మంచిదో కంపేర్ చేసి రాయాలె. క్లయింట్ పెద్దోడు. గిది ఓకే అయితే నిన్ను పర్మనెంట్ చేస్త, కాకుంటే జెర కష్టం" అన్నాడు. "నేనెప్పుడూ గేమ్స్ ఆడలేదు సర్" అన్నాను. "మొన్న టైర్ల మీద రాసినవ్ కదమ్మా. ఎన్నడన్న టైరు మార్చినవా?" అన్నాడు.

మా వాళ్లలో ఇంకెవరైనా అయితే నాలుగు సైట్లు తిరగేసి, ఇక్కడో వాక్యం అక్కడో వాక్యం ఏరుకుని, సాయంత్రం చాయ్ టైముకి పని ముగించేవాళ్లు. నేను మాత్రం పోల్చమన్నారు కాబట్టి నిజంగానే పోల్చాలనుకున్నాను. (కొత్త ఉద్యోగం మరి. అప్పటికింకా లోకం తీరు ఒంటబట్టలేదు.) ఆఫీసులో గేమ్ దించితే అందరికీ నెట్ ఆగిపోతుందని సర్ ఒప్పుకోలేదు. సరే, ఇంట్లోనే ఆ పని పెట్టుకున్నాను. మా వంటింటి కిటికీలోంచి కేబుల్ అబ్బాయి లాగిన నెట్ వైరు ఒకటి ఉండేది. పొద్దున్న ఇడ్లీలు తిని డౌన్‌లోడ్ పెడితే, కరెంటు దయతలిస్తే, మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక గేమ్ దిగేది.

ఆ మూడు సైట్ల దుకాణాల్లోనూ దొరికే ఒకే ఆటని ఎంచుకున్నాను. అందులో ఓ అమ్మాయి హోటల్ నడుపుతుంటుంది. జనం వచ్చి కూర్చుంటారు. వాళ్లకి కోపం రాకముందే వడ్డించాలి. ఆట మొదట్లోనే చివరి మెట్టు బొమ్మ చూపిస్తారు, పెద్ద పెళ్లి విందు. ఏ దుకాణంలోనైనా గంట సేపు ఉచితంగా ఆడనిస్తారు. మూలన గడియారం నడుస్తుంటుంది. గంట కాగానే ఆట మూసేసి డబ్బు కట్టమంటారు. నేను ఆడితే నా హోటల్‌కి వచ్చిన వాడు వచ్చినట్టే అలిగి వెళ్లిపోయేవాడు. వెనకాల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మామ్మ, మా నాన్న వాళ్లమ్మ, కాసేపు ఓపిక పట్టింది.

"ఏటే గుంటా, ఆ ఎర్రచొక్కా వోడు మొహం ముడుసుకుని కూకున్నాడు, కనబడ్లేదేటి? ఆడికి ముందెయ్యి" అంది.

"అందరికీ ఒక్కసారే ఎలా వేస్తాను మామ్మా?"

"అలగెయ్యకూడదు. పిల్లలున్నోళ్లకి ముందు, ముసలోళ్లకి తరవాత, మొగోళ్లు కూకుంటే కూకున్నారు. లెగు, నానేస్తాను. అయినా అంతమందికీ ఒక్క గుంటే వడ్డిత్తందేటి? దాని అత్త ఏటి సేస్తంది?"

అత్త ఏం చేస్తోందో ఆట తయారుచేసినవాళ్లకి తట్టలేదని చెప్పాను. మామ్మ చేతులు కొంగుకి తుడుచుకుని మౌస్ పట్టుకుంది. ఇంటిల్లిపాదికీ, వచ్చే పోయే చుట్టాలకీ జీవితాంతం వడ్డించిన మనిషి. చెయ్యి తిరగడానికి కాస్త టైము పట్టింది గానీ, ఆ తర్వాత ఆ హోటల్లో అలిగి వెళ్లినవాడు లేడు. ఇక పెళ్లి విందు చెయ్యాలన్న పట్టుదల ఆవిడకి పట్టుకుంది. పెళ్లి కనుచూపు మేరలో ఉండగా గంట అయిపోయింది, మొదటి దుకాణం తలుపు మూసేసింది. "పెళ్లివోళ్లు వత్తంటే పొయ్యి ఆర్పేత్తాడేటే?" అని మామ్మ ఆ పూట చారు కూడా సరిగ్గా పోసుకోలేదు.

మర్నాడు రెండో దుకాణం నుంచి అదే ఆట దించాను. మామ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని మరీ వచ్చి కూర్చుంది. ఆ దుకాణం, మామ్మ నిన్న పడ్డ కష్టమంతా తుడిచేసి, మళ్లీ రెండు బల్లల చిన్న హోటల్ దగ్గర నిలబెట్టింది. పైగా మధ్యమధ్యలో ప్రకటనలు అడ్డొచ్చేవి. ఆవిడ తిట్టిన తిట్లు నేను వ్యాసం కోసం రాసుకున్నాను, ఇక్కడ మాత్రం రాయను. మూడో దుకాణం దగ్గర అద్భుతం జరిగింది. తుడిచిపెట్టుకుపోయిందనుకున్న మొదటి రోజు ఆట తాలూకు గుర్తులు కంప్యూటర్లో ఎక్కడో మిగిలే ఉంటే, వీళ్లు వాటిని వెతికి పట్టుకుని, ఆపిన చోటి నుంచే మొదలుపెట్టించారు. "ఈడు మరియాదస్తుడు" అంది మామ్మ. ఆ గంట కూడా పెళ్లి వాకిట్లోకి తీసుకెళ్లి ఆగిపోయింది. అయినా ర్యాంకులు తేలిపోయాయి. మూడోవాడు మొదటివాడు, ఒకటోవాడు రెండు, ఆ తుడిచేసినవాడు అట్టడుగున.

ఆ ర్యాంకులు పట్టుకుని సర్ దగ్గరికి వెళ్తే, ఆయన కాగితం కేసి చూసి తల పట్టుకున్నాడు. మా క్లయింట్ సైట్ చూసి ఎవరైనా ఆట కొంటే, అతనికి కమిషన్ ఇచ్చేది నేను అట్టడుగున పడేసిన దుకాణమే.

"గిదేందమ్మా, పరేషాన్ చేస్తున్నవ్. ఫస్ట్ ర్యాంకు వాళ్లదే. అది ముందుగాలనే ఫిక్స్."

"మరి పోల్చమన్నారు కదా సర్?"

"పోల్చు. ఎవ్వరు వద్దన్నరు? పోల్చినంక వాళ్లే ఫస్ట్ రావాలె."

ఆ రాత ముందు కూర్చుని నేను నిజంగా ఏడ్చాను. బ్యాంకు కోచింగ్ లెక్కలు కళ్లముందు కనిపించాయి. ఇంటికెళ్తే మామ్మ "నా మాటలు రాసేవా?" అని అడుగుతుందని కూడా తెలుసు. చివరికి తెగించాను. పైన పెద్ద అక్షరాలతో ఒకటో ర్యాంకు అని వాళ్ల పేరే పెట్టాను. కింద మాత్రం మామ్మ అన్నవన్నీ, తిట్లని మర్యాదైన ఇంగ్లీషులోకి దించి, ఒక్కటీ వదలకుండా రాశాను. వీళ్ల దగ్గర కొంటే పడ్డ కష్టం బూడిదలో పోసినట్టేనని మా నాయనమ్మ అభిప్రాయం, అని కూడా రాశాను. సర్ మాటలు లెక్కపెట్టి ఓకే అన్నాడు. క్లయింట్ ర్యాంకు చూసి ఓకే అన్నాడు. ఇద్దరూ వ్యాసం చదవలేదు. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది.

చదివింది పాఠకులు. కొన్నాళ్లకి కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి, నాయనమ్మ చెప్పిందే నిజమని. సర్ నన్ను పిలిచి, "ఎవరమ్మా ఈ నాయనమ్మ?" అన్నాడు. "మా టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ సర్" అన్నాను. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, "ఆమెకు కుక్కల సబ్బు గురించి సుత తెలుస్తదా?" అని అడిగాడు.

పర్మనెంట్ అయ్యాక వచ్చిన మొదటి జీతంతో ఆ ఆటని మామ్మకి కొనిచ్చాను, ఆవిడ మెచ్చిన మర్యాదస్తుడి దగ్గరే. ఇక గంట గొడవ లేదు, ఎంతసేపైనా ఆడుకోవచ్చని చెప్పాను. మామ్మ మూలన గడియారం కోసం వెతికింది. లేదు. ఓ పది మందికి నిదానంగా వడ్డించింది, ఇద్దరు అలిగి వెళ్లినా పట్టించుకోలేదు. తర్వాత మౌస్ పక్కన పెట్టి నడుం వాల్చింది. "పెళ్లి విందు చెయ్యవా మామ్మా?" అని అడిగితే, కళ్లు మూసుకునే, "ఇంక మనదే కదేటే. ఎక్కడికి పోద్ది?" అంది. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ ఆ ఆట జోలికి వెళ్లలేదు.

అప్పట్లో నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు మామ్మ లేదు, ఆ మూడు దుకాణాలూ లేవు, ఉల్లిపాయల గోడౌన్ ఉన్నచోట బట్టల షోరూము వచ్చింది. నేను మాత్రం డిస్కౌంట్ అనగానే ఆటలు కొనిపడేసే మనిషినయ్యాను. నా ఖాతాలో ఒక్కసారైనా తెరవని ఆటలు కుప్పలుగా పడున్నాయి. మొన్న మా అమ్మాయి వాటిని చూసి, "ఇవన్నీ ఎప్పుడు ఆడతావమ్మా?" అని అడిగింది. సోఫాలో నడుం వాల్చి, కళ్లు మూసుకుని, "మనవే కదే, ఎక్కడికి పోతాయి" అన్నాను. అన్నాక, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను.