రైల్లో బాతు అరుపు

లీసెస్టర్ నుంచి లండన్ వెళ్ళే రైల్లో మా ఎదురుగా ఒక అమెరికన్ పెద్దాయన, ఒళ్ళో శాక్సఫోన్ పెట్టెతో కూర్చున్నాడు. కుర్రతనం నుంచీ జాజ్‌లో ఎవరూ వాయించని వింత బాణీలు సొంతంగా కట్టి వాయిస్తున్నాడట.

“జనం సగంలోనే లేచి వెళ్ళిపోతుంటారు,” అని హాయిగా నవ్వి, మౌత్‌పీస్ ఒక్కటే తీసి బాతు అరిచినట్టు ఊదాడు.

మా పదేళ్ళ అమ్మాయి కళ్ళింత చేసుకుని, “ఐ వుడ్ స్టే!” అంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నేను వయొలిన్ శ్రుతి చేస్తుంటేనే అది మేడమీదికి పారిపోతుంది.

“మీకూ సంగీతం ఇష్టమేనా?” అని ఆయన నన్నడిగాడు.

“అంత తీరిక ఎక్కడండీ,” అనేశాను.

ఆ ఆదివారం వర్ణం మధ్యలో కావాలనే ఒక అపస్వరం కీచుమనిపించాను. అమ్మాయి కిందికి దిగొచ్చింది.

“నాట్ లైక్ హిమ్, మమ్మీ,” అంది. అని, నా పక్కనే కూర్చుంది.