నాలుగో చింతగింజ

మా పాప అంగన్‌వాడీ టీచరమ్మ పోయారని ఆ ఆదివారం పొద్దున ఆయా ఫోన్ చేసి చెప్పింది. నందిగామలో వాళ్ళింట్లో, టీ తాగుతూ కూర్చున్న కుర్చీలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు ఆవిడ పాప చేతికిచ్చి పంపిన గుడ్డ సంచి మా గోడ మేకుకి వేలాడుతూనే ఉంది. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఏళ్ళ తరబడి ఆవిడ నందిగామ నుంచి జగ్గయ్యపేటకి బస్సులో వచ్చి మా వీధి పిల్లలకి చదువు చెప్పారు. ప్రతి శనివారం ఒక్కో పిల్ల చేతికి ఒక్కో సంచి ఇచ్చేవారు. అందులో చింతగింజలు, సీసా మూతలు, కొబ్బరి పీచు, ఒక కాగితం మీద రెండు ముక్కల్లో రాసిన పని ఉండేవి. కొన్న వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. ఆ పని తల్లో తండ్రో పక్కన కూర్చుని పిల్లచేత చేయించి సోమవారం తీసుకురావాలి. చదువు రాదని సిగ్గుపడే తల్లులతో, "చదువెందుకమ్మా, పక్కన కూచో చాలు. చెయ్యి మాత్రం పెట్టమాక" అనేవారు. సంచి ఉతికి పంపినా చిరాకు పడేవారు. మరక చూస్తే అన్నం దగ్గర చేశారో, అరుగు మీద చేశారో తెలుస్తుందట.

ఒకసారి నేను చెయ్యి పెట్టాను. ఆ వారం పని, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చింతగింజలు కాగితం మీద అంటించడం. మేం ముగ్గురం. నేనూ, పాపా, ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలే మా ఆయనా. పాప నాలుగు అంటించింది, అదీ వంకరగా, జిగురు కారేలా. నాకు పరువు పోయినట్టనిపించింది. పాప నిద్రపోయాక ఆ కాగితం చించేసి, కొత్త దాని మీద మూడు గింజలు వరసగా అంటించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలు వేశాను.

సోమవారం టీచరమ్మ ఆ కాగితం చూడగానే పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. "నువ్వెన్ని పెట్టావు బంగారం?" అని అడిగితే నాలుగంది. నాలుగోది ఎవరిదని అడిగితే, "మా లారీది" అంది. టీచరమ్మ నా వైపు చూశారు.

"పాప లెక్క సరిగ్గానే ఉంది షమీమ్. ఎవర్ని లెక్కపెట్టిందో నువ్వే అడగలా" అన్నారు.

అప్పుడే పైనుంచి తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. గోడ మీది కాగితాలన్నీ చూసి, "ఈ పిచ్చిగీతలేంటండీ? ఫోటోల్లో ఏం బాగుంటాయి? ఇదిగో, ఇట్టా ఉండాలి" అని నా కాగితం తీసుకుపోయింది. అది తల్లి చేసిందని టీచరమ్మ చెప్పలేదు. నన్ను నలుగురిలో నిలబెట్టడం ఇష్టంలేక చెప్పలేదు. తర్వాత పని సరిగా లేదని మెమో వస్తే, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆ శనివారం కూడా సంచులు పంచారు. అలా మింగి ఊరుకున్నందుకు ఆవిడ మీద కూడా నాకు కోపమే.

చచ్చినవారి కళ్ళు చేరెడన్నట్టు, గురువారం కేంద్రంలో పెట్టిన సంతాప సభలో ఆ మేడమే మైకు పట్టుకుంది. దండేసిన ఫోటో పక్కన నా కాగితం అద్దం కట్టి పెట్టారు. "ఇదీ ఆవిడ పనితనం" అని చూపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "అది నేను చేసిందండి. దాన్ని చూసి ఆవిడ నన్ను తిట్టారు" అన్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా. పోయినావిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుందాం" అంది మేడమ్.

అసలు మంచి మాట అదే అని ఆ మేడమ్‌కి ఎలా చెప్పను? పిల్లలు నిజంగా అంటించిన వంకర కాగితాలన్నీ ఏవని ఆయాని అడిగాను. సభకి గది శుభ్రం చెయ్యమంటే పాత కాగితాలవాడికి వేసేసిందట. పాపం, ఆమెకి చెప్పినవాళ్ళు చెప్పారు, ఆమె చేసింది. ఏళ్ళ తరబడి పిల్లలు చేసిన పనంతా పోయి, నా దొంగ కాగితం ఒక్కటి ఆవిడ పేరున మిగిలింది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

కొత్త టీచర్ వచ్చేదాకా పిల్లల్ని పక్క వీధి కేంద్రానికి పంపమన్నారు. మా కేంద్రానికి తాళం వేశారు. నిన్న పాపే మేకు మీది సంచి తీయమంది. లోపల గుప్పెడు చింతగింజలు, చీటీ ఉన్నాయి. "మీ గుమ్మం నుంచి మన బడి దాకా ఎన్ని అడుగులు? పాప లెక్కపెట్టాలి, అమ్మ పక్కన నడవాలి." టీచరమ్మ చేతిరాత.

పాప గింజలన్నీ పిడికిట్లోకి తీసుకుంది, ఇద్దరం బయల్దేరాం. పాపకి ఇరవై దాకే వచ్చు. ఇరవై కాగానే సంచిలో ఒక గింజ వేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మధ్యలో పదమూడు రెండుసార్లు అంది. నా నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను.

తాళం ముందుకొచ్చేసరికి సంచిలో కొన్ని గింజలున్నాయి, ఇంకొన్ని పాప పిడికిట్లో ఉండిపోయాయి. వాటిని కూడా తీసి సంచిలో వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అవి ఎవరివమ్మా?" అని అడిగాను.

"ఇంటికెళ్ళాలిగా, దానికి" అంది.

తాళానికి వీపు పెట్టి నిలబడి, ఒకటి అని మొదటి అడుగు వేసింది.