చూడటానికొకటి, చదవడానికొకటి

మా డీటీపీ మేడం చనిపోయారు. ఈ వాక్యం రాసి పది నిమిషాలైంది, ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న గురువారం పొద్దున విస్సన్నపేట బస్సెక్కే ముందు, తిరువూరు బస్టాండు పక్కనున్న ఆవిడ టైపింగ్ షాపు దగ్గర ఆగాను. చేతికి మూసిన షట్టరు తగిలింది. తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందనీ, ఆసుపత్రికి చేరేలోపే పోయారనీ పక్క సెల్‌ఫోన్ షాపతను చెప్పాడు. ఇంకెవరి సంగతో నాకు చెబుతున్నావని అతన్ని కసురుకున్నాను. ముందురోజు సాయంత్రమే ఫోన్లో, "నాలుగు లైన్లే మిగిలాయి మాస్టారూ, పొద్దున్నే వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి" అన్న మనిషి. అలా ఎలా పోతారు?

నాకు పుట్టుకతోనే చూపు లేదు. విస్సన్నపేట హైస్కూల్లో తెలుగు చెబుతాను. బ్రెయిలీ నోట్‌టేకర్ అని నా దగ్గరో చిన్న పెట్టె ఉంది. ఫైలు తెరిస్తే దాని ముందు వరుసలో సన్నటి చుక్కలు పైకి లేస్తాయి, వేలితో తడిమి చదువుకుంటాను. పాఠం నా నోటితో నేనే చదవాలని నా పంతం. పిల్లల చేత చదివించి అర్థం మాత్రం చెప్పే మాస్టారుగా ఉండటం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఎనిమిదేళ్ల కిందట మొదటిసారి ఆవిడ చేత ఒక పాఠం టైపు చేయించుకుని నేరుగా తొమ్మిదో తరగతికి వెళ్లాను. వేలి కింద ఒక్క తెలుగక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు ముక్కలు, కామాలు, బ్రాకెట్లు. పిల్లల ముందు పాఠం మొదలుపెట్టలేక నిలబడ్డాను. సాయంత్రం షాపుకెళ్లి అందరి ముందూ కేకలేశాను. ఆవిడ ఫైలు తెరిచి చూసి, "చక్కటి తెలుగే కదండీ" అన్నారు. ఆ ఫైలునే పెట్టె చేత పైకి చదివించాను. ఎక్స్, స్లాష్, బ్రాకెట్ అంటూ పోయింది. మన డీటీపీ షాపుల్లో ఏళ్లుగా వాడే పాత ఫాంట్ల సంగతి అది. లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాలే, పైకి మాత్రం తెలుగు ముసుగు.

ఇరవై ఏళ్లుగా శుభలేఖలూ, కరపత్రాలూ, చర్చి పాటల పుస్తకాలూ ఆ ఫాంటులోనే కొట్టిన చేతులవి. లోపల కూడా తెలుగక్షరాలే ఉండే యూనికోడ్‌లో ఏ కీ పాత చోట ఉండదు. నెల తిరిగేసరికి కొత్త ఫైలు నా చేతిలో పెట్టి, "మీ ఒక్క వేలి కోసం నా పది వేళ్లకీ మళ్లీ ఓనమాలు దిద్దించారు మాస్టారూ" అన్నారు. నేను కేకలేసినందుకు ఆవిడ అన్న మాట అదొక్కటే. క్షమించమని అడగాలని నాకెన్నడూ తోచలేదు, సిగ్గుగా ఉంది.

నా పెట్టె పాతది. కొత్త రకం వర్డ్ ఫైలు దానికి మింగుడుపడదు. అందుకని పాత రకంలో సేవ్ చేసేవారు. ఫైలేమో పాతది కావాలి, అక్షరాలేమో కొత్తవి కావాలి, ఇదెక్కడి మిషనండీ అని నవ్వేవారు. బొమ్మలూ గడులూ ఉంటే నా వేలు తడబడుతుందని అవన్నీ తీసేసి నాకొక కాపీ, స్కూలు ప్రింటు కోసం అందంగా ఇంకో కాపీ. మొదటిదానికి 'చదవడానికి' అనీ, రెండోదానికి 'చూడటానికి' అనీ పేర్లు.

నిన్న చిన్నకర్మకి వెళ్తే, ఆవిడ భర్త నన్ను పక్కకి పిలిచి పెన్‌డ్రైవ్ ఇచ్చారు. అంత దుఃఖంలోనూ, నా పాఠం ఆగిపోకూడదని మిగిలిన నాలుగు లైన్లూ వేరే షాపులో టైపు చేయించారట. "ఎక్కడ అతికించాడో కూడా తెలియట్లేదండీ, అంత బాగా కలిపాడు" అన్నారు. నేను ఆయన చేతులు పట్టుకుని దండం పెట్టాను.

ఇంటికొచ్చి 'చదవడానికి' తెరిచాను. ఎప్పటిలాగే తేటతెలుగు. ఒక పేజీ, రెండు పేజీలు. "రైతు పొలం నుంచి ఇంటికి" అన్నచోట స్లాష్ తగిలింది. తర్వాత ఎక్స్, బ్రాకెట్.

రేపు తొమ్మిదో తరగతిలో 'ఇంటికి' దాకా నేనే చదువుతాను. మిగతా నాలుగు లైన్లూ పిల్లల్ని చదవమంటాను. ఇప్పటికైతే వేలు ఆ మాట మీదే ఉంది. ముందుకు జరిపితే బ్రాకెట్, వెనక్కి జరిపితే మేడం.